హెచ్‌ఎంటీ 3511 రిపేరు డైరీ: రేడియేటర్లో ఏం పోయాలి, ట్యాంకులో ఏం పోయాలి

బండి సంగతి

మా చిన్నాయన అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గర ఊర్లో సేద్యం చేస్తాడు. ఆయన పాత హెచ్‌ఎంటీ 3511 ట్రాక్టరు కొన్నేళ్లుగా షెడ్డులోనే నిలబడిపోయింది. కొత్త ట్రాక్టరు వచ్చాక దీన్ని పాతినుముకు తూకానికి వేసేద్దామన్నారు. నేను అడ్డం పడ్డాను. ఇంజిన్ బాగుచేసి గుంటకకు, స్ప్రేయరుకు, ట్రాలీకి వాడుకుందామని, ఖర్చు చెరిసగం పెట్టుకుందామని ఇద్దరం అనుకున్నాం.

హెచ్‌ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టింది. డిజైను చెకోస్లొవేకియా కంపెనీ జెటార్‌ది. 2016లో కేంద్రం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించినా ఇంజిన్ స్పేర్లు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి. 3511లో మూడు సిలిండర్లు. సిలిండరు లోపలి వెడల్పు (బోరు) 95 మిల్లీమీటర్లు, పిస్టన్ ఆడే దూరం (స్ట్రోకు) 110. మొత్తం దాదాపు 2,340 సీసీ. ఈ డైరీకి ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఇందులో ఉన్నవి వెట్ లైనర్లు. అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం, అదే లైనర్, దాని బయటి గోడకు కూలింగ్ నీళ్లు నేరుగా తగులుతూ ఉంటాయి. మధ్యలో బ్లాకు ఇనుము అడ్డం ఉండదు.

క్లచ్చు, హైడ్రాలిక్స్, వైరింగు పనులు కూడా సాగుతున్నాయి కానీ వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. మా వైపు ఇంజిన్లు ఎక్కువగా పాడయ్యేది నీళ్ల వల్ల, డీజిల్ వల్ల. ఆ రెండూ ఎలా ఎంచుకున్నానో రాసిపెడుతున్నా.

విప్పి చూస్తే

రేడియేటరు మూత తీసి వేలు పెడితే ఎర్రటి బురద అంటుకుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ బోల్టు విప్పినా చుక్క రాలేదు. లోపల తుప్పు, సున్నం కలిసి గట్టిపడి రంధ్రం మూసేశాయి. తీగ పెట్టి పొడిస్తే బయటపడింది.

హెడ్డు దించి, పుల్లరుతో లైనర్లు లాగాం. రాయదుర్గం నుంచి వచ్చిన మెకానిక్ మామ మొదటి లైనర్‌ను ఎండలోకి తీసుకెళ్లి గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. లోపలి వైపు అరుగుదల అనుకున్నంతే ఉంది. బయటి వైపు మాత్రం చూసి గుండె గుభేలుమంది. ఒక పక్కన పైనుంచి కిందికి రెండు వేళ్ల వెడల్పు పట్టీలా సూదితో గుచ్చినట్టు గుంటలు. కొన్నింట్లో పెన్సిలు మొన ఆగుతోంది. మిగతా గోడంతా మామూలు తుప్పే. గోరుతో గీకితే రాలిపోతుంది. ఆ పట్టీలో మాత్రం తుప్పు లేదు. ఇనుము తినేసి శుభ్రంగా మెరుస్తోంది. మూడు లైనర్లలోనూ గుంటలు అదే పక్కన ఉన్నాయి.

ఇది ఉత్త తుప్పు పని కాదు. డీజిల్ మండిన ప్రతిసారీ పిస్టన్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా వాలుతుంది. ఆ దెబ్బకు లైనర్ అదురుతుంది. గోడ నీళ్ల నుంచి క్షణంలో వెయ్యో వంతు కంటే తక్కువ సేపు వెనక్కి జరిగినా చాలు, అక్కడ ఒత్తిడి పడిపోయి నీళ్లలో ఆవిరి బుడగలు పుడతాయి. గోడ తిరిగి ముందుకు రాగానే ఆ బుడగలు కుప్పకూలతాయి. అలా కూలినప్పుడు పుట్టే సన్నటి నీటి ధార ఇనుము మీది పొరను కొట్టుకుపోతుంది. నిమిషానికి వందల సార్లు, ఏళ్ల తరబడి ఇదే జరిగితే గుంట లోతుకు దిగి లైనర్‌కు చిల్లు పడుతుంది. అప్పుడు నీళ్లు ఆయిల్లో కలిసి ఆయిలు మజ్జిగ రంగుకు వస్తుంది. దీన్నే కేవిటేషన్ అంటారు. పిస్టన్ వాలే పక్కనే గుంటలు పడటం దీని గుర్తు.

చిన్నాయన ఆ లైనర్‌ను తిప్పి తిప్పి చూసి, "బండి నిండా నీళ్లు పోస్తానే ఉన్న్యాం కదప్పా, ఎప్పుడూ తక్కువ చేయలే" అన్నాడు. నిజమే. నీళ్లు తక్కువై పాడైన ఇంజిన్ కాదిది. ఉత్త నీళ్లే పోయడం వల్ల ఇలా అయింది.

మూడు లైనర్లూ, పిస్టన్లూ, కింది రబ్బరు రింగులూ కొత్తవి తెప్పించాం. లైనర్ అంచు బ్లాకు మీదికి ఎంత లేచి ఉండాలో డయల్ గేజీతో చూసి కూర్చోబెట్టాం. ఆ కొలత తప్పితే హెడ్ గాస్కెట్ నిలవదు, అదురు కూడా పెరుగుతుంది.

మా బోరు నీళ్లు

లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల ఘనపదార్థాలు కరిగి ఉన్నాయో చూపించే టీడీఎస్ పెన్ను మీటరు ఒకటి కొన్నాను. మా బోరు నీళ్లలో ముంచితే అంకె వెయ్యి దాటింది. అనంతపురం జిల్లా పడమటి వైపు బోర్లలో ఇది వింతేమీ కాదు. ఊర్లోని ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు వందలోపు చూపించాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు సున్నాకు దగ్గరగా ఉంది.

పెద్ద డీజిల్ ఇంజిన్లు చేసే కంపెనీలు కూలింగ్ నీళ్లకు పెట్టే హద్దులు సుమారుగా ఇవి: లీటరులో క్లోరైడు 40 మిల్లీగ్రాములు మించకూడదు, సల్ఫేటు 100, గట్టిదనం 170, కరిగిన ఘనపదార్థాలు మొత్తం 340. మా బోరు నీళ్లు చివరిదానికే మూడింతలు దాటాయి. మిగతావి కొలవనక్కర్లేదు.

గట్టి నీళ్లు వేడెక్కితే కాల్షియం లోహానికి పొరలా అంటుకుంటుంది. పోత ఇనుముతో పోలిస్తే ఈ పొర వేడిని ఇరవై, పాతిక రెట్లు తక్కువగా దాటనిస్తుంది. మిల్లీమీటరు మందం సున్నం పట్టిందంటే లైనర్ చుట్టూ అదనంగా రెండు సెంటీమీటర్ల పైన ఇనుము పెట్టినట్టు లెక్క. గేజీ మీద ముల్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది నీళ్ల వేడిని చూపిస్తుంది. లైనర్ లోపల ఆయిలు మాత్రం మాడిపోతూ ఉంటుంది. ఇంక క్లోరైడు ఇనుమునూ, రేడియేటరు టాంకాలనూ తినేస్తుంది.

కాబట్టి రేడియేటరు నీళ్లలో కలిపే మందు, అంటే కూలెంట్ మీద ఎంత ఖర్చు పెట్టినా దాన్ని బోరు నీళ్లలో కలిపితే ఉపయోగం లేదు. నేను డిస్టిల్డ్ వాటరే వాడాలని నిర్ణయించాను. ఆర్వో నీళ్లు రెండో దారి. తోటలో ఉన్నప్పుడు మట్టం తగ్గితే బోరు నీళ్లు పోయకుండా ఆర్వో క్యాను నీళ్లు పోయమని చిన్నాయనకు చెప్పాను.

కడగడం

బ్లాకు ఖాళీగా ఉన్నప్పుడే గీకగలిగినంత గీకాం. మిగిలిన పొర పోవడానికి నిమ్మ ఉప్పు వాడాను. లీటరు వేడి నీళ్లకు 50 గ్రాముల చొప్పున కలిపి పోస్తే పొంగు వచ్చింది, కాసేపటికి నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరిగాయి. నిమ్మ ఉప్పును రాత్రంతా ఉంచకూడదు. ఎక్కువసేపు ఉంచితే కరిగిన కాల్షియం తెల్లటి పొడిలా మళ్లీ పేరుకుంటుంది. వేడిగా పోసి, పొంగు తగ్గగానే వదిలేసి, మళ్లీ కొత్తది పోయడమే మంచిది. చివర్న వంట సోడా నీళ్లతో పులుపు విరిచి, డ్రెయిన్ నుంచి తేట నీళ్లు వచ్చేదాకా కడిగాం.

బాత్రూము యాసిడ్ పోసి కడిగే అలవాటు మా వైపు ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సున్నంతో ఆగదు. ఇనుమునూ రేడియేటరు టాంకాన్నీ తింటుంది, మూలల్లో మిగిలిన క్లోరైడు తర్వాత కూడా తింటూనే ఉంటుంది.

రేడియేటరును బళ్లారిలో గొట్టాలు పొడిచే పనివాడికి ఇచ్చాం. రాగి, ఇత్తడి పాత రకం కాబట్టి పై ట్యాంకు టాంకం విప్పి, ఒక్కో గొట్టంలో బద్ద దూర్చి శుభ్రం చేసి మళ్లీ అతికాడు. ఇలాంటి పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. పక్కనే నిలబడి పనంతా చూశాను.

థర్మోస్టాట్ మీద వాదన

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని వాల్వు. అది ఉండాల్సిన గూట్లో ఏమీ లేదు. ఎప్పుడో పీకేశారు. కొత్తది పెడదామంటే మెకానిక్ మామ ఒప్పుకోలేదు.

"పెడ్తే హీటెక్కుతాది అల్లుడూ. నా సర్వీసంతా తీసి పారేస్తానే ఉండా. మన ఎండలకు అదెందుకు?"

ఆయన అనుభవం తక్కువది కాదు. సున్నం పట్టిన రేడియేటరుతో, బోరు నీళ్లతో నడిచే బండిలో థర్మోస్టాట్ ఇరుక్కుంటే ఇంజిన్ పోతుంది. అందుకని తీసేయడం అప్పట్లో తెలివైన పనే. ఇప్పుడు రేడియేటరు శుభ్రంగా ఉంది, లోపల తిరిగేది బోరు నీళ్లు కాదు. ఇంక తీసేయాల్సిన కారణం లేదు. అది లేకపోతే తేలిక పనిలో ఇంజిన్ ఎప్పుడూ కావలసినంత వేడెక్కదు. చల్లటి లైనర్ గోడ మీద డీజిల్ పూర్తిగా మండక ఆయిల్లోకి జారుతుంది, మండినప్పుడు పుట్టే తేమ యాసిడ్‌గా మారి రింగులనూ లైనర్లనూ అరగదీస్తుంది. మేం ఈ బండికి ఇవ్వబోయేవి తేలిక పనులే కాబట్టి థర్మోస్టాట్ అవసరం ఇంకా ఎక్కువ.

మాటలతో తేలేది కాదని పొయ్యి మీద గిన్నె పెట్టాం. 82 అని అచ్చు ఉన్న కొత్త థర్మోస్టాట్‌ను దారం కట్టి నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టాను. అడుక్కి తగలనివ్వకూడదు, అడుగు వేడి వేరు. 80 దాటేదాకా కదలలేదు. తర్వాత ఇత్తడి చక్రం సన్నటి సందు ఇచ్చి, 90 దాటాక పూర్తిగా తెరుచుకుంది. దించి చల్లారనిస్తే మళ్లీ మూసుకుంది. మామ రెండోసారి తనే వేడి చేసి చూసి, "సరే పెట్టు" అన్నాడు.

ఏ కూలెంట్

అన్నిటికన్నా ఎక్కువ చదివింది, ఎక్కువమందిని అడిగింది దీని గురించే.

మొదట రంగు సంగతి. పచ్చది పాతకాలపుది, ఎర్రది కొత్తది, నీలం ఫలానా కంపెనీది అని షాపుల్లో చెబుతారు. రంగుకు ఏ ప్రమాణమూ లేదు, ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కలుపుతారు. చూడాల్సింది డబ్బా వెనక రాసిన స్పెసిఫికేషన్. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి జపాన్ వాళ్ల జేఐఎస్ కే 2234, మన ఐఎస్ 5759, అమెరికా వాళ్ల ఏఎస్‌టీఎం డీ3306, డీ6210. డీ3306 కార్లు, తేలిక బండ్ల కోసం పెట్టింది. డీ6210 లారీలు, టిప్పర్లు, జనరేటర్ల లాంటి భారీ డీజిల్ ఇంజిన్ల కోసం. వెట్ లైనర్లను గుంటల నుంచి కాపాడే గుణం ఉండాలన్న షరతు రెండోదానిలో ఉంది. నా చేతిలో ఆ గుంటలు పడిన లైనర్ ఉంది కాబట్టి ఇంక వేరే ఆలోచన అక్కర్లేదు.

ఆ రక్షణ ఎక్కువగా నైట్రైట్ వల్ల వస్తుంది. అది ఇనుము మీద సన్నటి గట్టి పొర కడుతుంది. బుడగలు పేలినప్పుడు దెబ్బ ఆ పొరకు తగులుతుంది, ఊడిన చోట కూలెంట్లోని నైట్రైట్ మళ్లీ పొర కడుతుంది. ఇలా కడుతూ కడుతూ అది తగ్గిపోతుంది. అందుకే డీజిల్ కూలెంట్‌ను ఒకసారి పోసి మర్చిపోవడానికి వీల్లేదు. టెస్టు పట్టీ ముంచి రంగు చూసి, తగ్గితే విడిగా దొరికే అడిటివ్ కలపాలి.

కార్లకు వాడే ఆర్గానిక్ యాసిడ్ కూలెంట్లు ఎక్కువకాలం వస్తాయని, అదే పోయమని ఒక షాపులో గట్టిగా చెప్పారు. అల్యూమినియం ఇంజిన్లకు అవి బాగుంటాయి. మా బండిలో ఉన్నవి పోత ఇనుము, రాగి, ఇత్తడి, సీసం టాంకం. వీటికి నైట్రైట్, సిలికేట్ కలిపిన రకమే నాకు నమ్మకంగా అనిపించింది. రెండు రకాలు కలిపి పోయడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. ఒకదాని రసాయనాలు ఇంకోదానివాటిని చెడగొడతాయి, కొన్ని కలిస్తే జిగురులా గడ్డకడతాయి.

మెకానిక్ మామ చిన్నప్పటి నుంచి వాడిన మందు ఇంకొకటి ఉంది: నీళ్లలో కరిగే కటింగ్ ఆయిలు. లేత్ మిషన్ల దగ్గర వాడే తెల్లటి ఆయిలు. తుప్పును కొంత ఆపుతుంది, నిజమే. కానీ రబ్బరు హోసులను ఉబ్బించి మెత్తబరుస్తుంది. లైనర్ అడుగున నీళ్లకూ ఆయిలుకూ మధ్య అడ్డంగా ఉన్నది రబ్బరు రింగులే కదా. అవి ఉబ్బి వదులైతే నీళ్లు అడుగున ఆయిలు ఉండే ఛాంబరులోకి దిగుతాయి. వద్దనుకున్నాం.

డీ6210 అని రాసి ఉన్న డబ్బా రాయదుర్గంలో దొరకలేదు. బళ్లారిలో దొరికింది. గనుల టిప్పర్లు తిరిగే ఊరు కదా, లారీ స్పేర్ల షాపుల్లో ఇదే ఎక్కువగా పోతుందన్నారు. కొనేటప్పుడు రెడీమిక్స్ ఇస్తున్నారా, కాన్సంట్రేట్ ఇస్తున్నారా అన్నది చూసుకోవాలి. రెడీమిక్స్‌లో నీళ్లు ముందే కలిపి ఉంటారు. దానికి మళ్లీ నీళ్లు కలిపితే తుప్పు మందు పలచబడి పోసిన ఫలితం దక్కదు. నేను కాన్సంట్రేట్ తీసుకున్నాను.

ఎంత కలపాలన్న దగ్గర మా వాతావరణం లెక్కలోకి వచ్చింది. కాన్సంట్రేట్‌లో ఉండే ముఖ్య ద్రవం ఇథిలీన్ గ్లైకాల్. దాన్ని సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. రాయదుర్గంలో దానితో పనేముంది? మాకు కావలసింది తుప్పు నుంచి కాపాడటం, మరిగే వేడి పెరగడం. రాయదుర్గం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గ్లైకాల్ దాన్ని కొన్ని డిగ్రీలు పైకి జరుపుతుంది. అలాగని ఎక్కువ పోస్తే మంచిదనుకోకూడదు. వేడిని మోసే శక్తి గ్లైకాల్ కంటే నీళ్లకే ఎక్కువ. నీళ్లు కిలోకు డిగ్రీకి 4.18 కిలోజూళ్లు మోస్తే, ఉత్త గ్లైకాల్ 2.4 మోస్తుంది. నీళ్లు కలపకుండా డబ్బాలు డబ్బాలు పోసినవాళ్ల ఇంజిన్ ఇంకా ఎక్కువ వేడెక్కేది ఇందుకే. డబ్బా మీద 33 నుంచి 50 శాతం దాకా వాడొచ్చని ఉంది. నేను 40 శాతం దగ్గర ఆగాను.

బకెట్లో డిస్టిల్డ్ వాటరు, కాన్సంట్రేట్ ముందే కలిపి, గరాటుతో నెమ్మదిగా పోశాం. పై హోసు చేత్తో పిసుకుతూ పోస్తే లోపలి గాలి బుడబుడమంటూ బయటికి వచ్చేసింది. గాలి ఇరుక్కుంటే అక్కడ లైనర్‌కు కూలెంట్ తగలదు, గుంటలు పడే జబ్బు కూడా గాలి వల్ల పెరుగుతుంది.

మూత విషయంలోనూ జాగ్రత్త కావాలి. కార్ల మూత గట్టి ఒత్తిడి పడుతుంది, మరిగే వేడి ఇంకా పెరుగుతుంది అని దాన్ని బిగించమన్నవాళ్లున్నారు. పాత ఇత్తడి రేడియేటరు టాంకాలు ఆ ఒత్తిడికి విచ్చుకుంటాయి. పుస్తకంలో చెప్పిన తక్కువ ఒత్తిడి మూతే, కొత్త రబ్బరుతో పెట్టాం.

ఇంకో మాట. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పశువులు ఇష్టంగా తాగేస్తాయి, మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతాయి. పెద్ద మనిషికైనా 100 మిల్లీలీటర్ల దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. మా షెడ్డు పక్కనే గాటిపాడు, ఇంట్లో చిన్నపిల్లలు. అందుకని మిగిలిన డబ్బా తాళం వేసి పెట్టాం, కింద ఒలికింది మట్టితో సహా ఎత్తేశాం.

ఇంక డీజిల్

ట్యాంకులో ఉన్న పాత డీజిల్ నల్లబడి పాత వార్నిష్ వాసన కొడుతోంది. ట్యాంకు దించి, లోపల గొలుసు వేసి నలుగురం ఊపితే రేకుల్లా తుప్పు రాలింది. డీజిలుతోనే కడిగి ఎండబెట్టాం.

ఈ బండి పుట్టిన కాలంలో మన డీజిల్లో గంధకం ఒక శాతం దాకా ఉండొచ్చు, అంటే 10,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో పదివేలు). 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా 50 పీపీఎం, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6తో 10 పీపీఎం. "కొత్త డీజిల్లో పస లేదు, పాత పంపులు అరిగిపోతాయి, 2టీ ఆయిలు కలుపు" అని చాలామంది చెప్పారు. ఈ భయం గాలిలోంచి పుట్టింది కాదు. గంధకం తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉన్న జిడ్డుగుణం పోతుంది. ఇంజెక్టర్లకు డీజిల్ తోసే పంపులో ప్లంజరుకూ (లోపల ఆడే కడ్డీ) బ్యారెల్‌కూ (దాని చుట్టూ ఉన్న గొట్టం) మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. ఆ సందులో జిడ్డు అందించేది డీజిలే. కాకపోతే రిఫైనరీ వాళ్లు ఆ లోటుకు అడిటివ్ కలిపే పంపుతారు. మన డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం రుద్ది చూసే పరీక్షలో అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు మించకూడదు. ఆ హద్దులో ఉన్న డీజిల్ మా ఇన్‌లైన్ పంపుకు చాలు. 2టీ ఆయిలు నేను కలపడం లేదు. పెట్రోలు ఇంజిన్ కోసం చేసిన ఆయిలును అంతకంటే బాగా తెలిసిన కొలతతో వచ్చిన డీజిల్లో ఎందుకు కలపాలి?

గంధకం తగ్గడం వల్ల మేలే ఎక్కువ. ఇంజిన్ ఆయిల్లో యాసిడ్ తక్కువ పుడుతుంది. ఇబ్బంది ఒకటుంది: పాత డీజిల్లోని ఆరోమాటిక్ పదార్థాలకు ఉబ్బి అలవాటుపడిన పాత రబ్బరు సీళ్లు కొత్త డీజిల్‌కు ముడుచుకుని కారతాయి. ఫీడు పంపు, ఫిల్టరు బౌలు సీళ్లన్నీ మార్చేశాం.

ఎక్కువ ధర పెట్టి ప్రీమియం డీజిల్ పోయాలా అన్నదానిపై నా అభిప్రాయం వద్దనే. మామూలు డీజిల్‌కే సీటేన్ (ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) కనీసం 51 ఉండాలని రూలు. ఈ ఇంజిన్‌కు అది ఎక్కువే. ఆ తేడా డబ్బు ఫిల్టర్ల మీద పెడితే ఎక్కువ ఉపయోగం.

అసలు ప్రమాదం చవక సరుకుతో. ఆంధ్రలో డీజిల్ ధర కర్ణాటక కంటే ఎక్కువ కావడంతో సరిహద్దు ఊళ్లలో డ్రమ్ముల్లో తెచ్చి అమ్మేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందులో కొందరు "బయోడీజిల్" అని, "ఇండస్ట్రియల్ ఆయిల్" అని చాలా తక్కువకు ఇస్తారు. ఏ కాగితమూ ఉండదు. అందులో కిరసనాయిలు ఉందో, సాల్వెంటు ఉందో తెలియదు. పలచటి సరుకు పోస్తే ముందు పోయేది ఆ రెండు మూడు మైక్రాన్ల సందే. పంపు ఓవర్‌హాలు ఖర్చుతో పోలిస్తే లీటరుకు మిగిలేది ఏపాటి?

బంకులో మాత్రం నమ్మకం మీద ఆధారపడనక్కర్లేదు. సాంద్రత చూపించమని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. నేను అడిగితే గాజు జాడీ, హైడ్రోమీటరు, థర్మామీటరు తెచ్చారు. ఎండలో డీజిల్ 35 డిగ్రీలుంది, హైడ్రోమీటరు సాంద్రత 816 (ఘనపు మీటరుకు కిలోల్లో) చూపించింది. దీన్ని 15 డిగ్రీలకు మార్చాలి. డిగ్రీకి సుమారు 0.7 చొప్పున 20 డిగ్రీలకు 14 కలిపితే 830. వాళ్ల దగ్గర పట్టిక ఉంటుంది, అది ఇంకా కచ్చితం. ఆ రోజు బోర్డు మీద రాసిన సాంద్రతకూ దీనికీ తేడా 3 లోపు ఉండాలి. ఉంది. కిరసనాయిలు కలిసి ఉంటే ఈ అంకె కిందికి జారేది.

వేరుశెనగ నూనె ప్రశ్న

చిన్నాయన స్నేహితుడికి నూనె మిల్లు ఉంది. "డీజిల్ ఇంజిన్ మొదట్లో శనగ నూనెతోనే నడిచిందంట కదా, మన అనంతపురం పంటే కదా, పోయకూడదా?" అని అడిగాడు. మొదటి మాట చాలావరకు నిజం. 1900 పారిస్ ప్రదర్శనలో ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశెనగ నూనెతో నడిపి చూపించింది. చూసినవాళ్లలో చాలామందికి తేడాయే తెలియలేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు.

ప్రదర్శనలో నడవడం వేరు, సంవత్సరాల తరబడి సేద్యంలో నడవడం వేరు. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. వేరుశెనగ, కానుగ లాంటి నూనెలకు అది 35, 40 దగ్గర ఉంటుంది. ఇంజెక్టరు దాన్ని సన్నటి తుంపరగా చల్లలేదు. పెద్ద చుక్కలు సగం మండి ఇంజెక్టరు మొన మీద బొగ్గులా పేరుకుంటాయి, రింగులు పట్టేస్తాయి, ఆయిల్లోకి దిగిన నూనె గడ్డకడుతుంది. మిథనాల్, క్షారం కలిపి గ్లిజరిన్ విడదీస్తే చిక్కదనం 4, 5కు దిగి అసలైన బయోడీజిల్ అవుతుంది. కాకినాడలో పెద్ద ఎత్తున చేస్తున్నది అదే. ఐఎస్ 15607 పరీక్ష దాటిన బయోడీజిల్‌ను 7 శాతం దాకా మామూలు డీజిల్లో కలపొచ్చు. అంతకు మించి మా పాత బండికి వద్దు. బయోడీజిల్ పాత మడ్డిని కరిగించి ఫిల్టరుకు తెస్తుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పైగా తినే నూనె ధరకు డీజిల్ ధరకు పొంతనే లేదు.

డ్రమ్ము, ఫిల్టర్లు, స్టార్టింగు

పొలం పనుల రోజుల్లో డ్రమ్ములో నిలవ తప్పదు. జింకు పూత ఉన్న డ్రమ్ము పనికిరాదు, జింకు డీజిల్తో చేరి సబ్బు లాంటి పదార్థమై ఇంజెక్టర్లను మూస్తుంది. పూత లేని ఇనుప డ్రమ్మును నీడలో, ఒక పక్కకు వాల్చి పెట్టాం. పల్లంలో నీళ్లు, మడ్డి చేరతాయి, పైనుంచి చేతి పంపుతో లాగుతాం. నోటితో పీల్చడం పూర్తిగా మానిపించాను. ఊపిరితిత్తుల్లోకి కాస్త వెళ్లినా ఆసుపత్రి పాలే. కర్ర చివర వాటర్ ఫైండింగ్ పేస్టు రాసి అడుక్కి దించితే నీళ్లున్నంత మేర రంగు మారుతుంది. నీళ్లూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. బయోడీజిల్ కలిసిన డీజిల్ తేమను ఇంకా ఎక్కువ పట్టి ఉంచుతుంది. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెడితే లోపల గాలి తక్కువుండి రాత్రి చెమ్మ పట్టదు.

జంట ఫిల్టర్లలో మొదటిది గుడ్డ రకం, రెండోది కాగితం. రెండూ మార్చాం. తర్వాత గాలి తీయడం. ఫిల్టరు పైనున్న స్క్రూ వదులు చేసి ఫీడు పంపు చేతి బుడిపె కొడుతుంటే మొదట నురగ, తర్వాత బుడగలతో డీజిల్, చివరికి బుడగ లేని ధార. బిగించి, పంపు మీది స్క్రూ దగ్గర మళ్లీ అదే పని. తర్వాత ఇంజెక్టర్ల నట్లు వదులు చేసి సెల్ఫ్ తిప్పితే ఒక్కోదాని దగ్గర చిట్లుతూ డీజిల్ కనబడింది. బిగించి మళ్లీ తిప్పితే తెల్ల పొగ వదులుతూ అంటుకుంది. నిమిషాల్లో పొగ పలచబడింది. చిన్నాయన ఏమీ అనలేదు, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాడు.

ఇప్పటి పరిస్థితి

గుంటకతో ఎర్ర నేలలో పని చేయించాం. నడి ఎండలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే రేడియేటరు పైన 86, కింద 75 దగ్గర. తేలిక పనిలో కూడా పైన 80 దాటే ఉంటోంది, అంటే థర్మోస్టాట్ తన పని చేస్తోంది. మొదట్లో కూలెంట్ మట్టం కొంచెం దిగింది, మిగిలిన గాలి బయటికి వచ్చినందుకు. కలిపిపెట్టిన కూలెంటే పోశాం, తర్వాత నిలకడగా ఉంది. వాటర్ పంపు సీలు దగ్గర చెమ్మ కనబడితే సీలు మార్చాం.

టెస్టు పట్టీ మీద నైట్రైట్ రంగు చార్టులో ఉండాల్సిన చోటే ఉంది. ఇంజిన్ ఆయిలు డిప్ స్టిక్ మీద పాల రంగు లేదు. ఇంజెక్షన్ పంపు అడుగున కామ్ షాఫ్టుకు వేరే ఆయిలు ఉంటుంది. దాని మట్టం పెరుగుతోందా అని కూడా చూస్తున్నా. పెరిగితే ప్లంజర్లు అరిగి డీజిల్ కిందికి దిగుతున్నట్టు లెక్క. ఇప్పటికి పెరగలేదు.

వేరుశెనగ విత్తనం అయ్యాక మళ్లీ పట్టీ ముంచి, ఫిల్టరు బౌలు విప్పి చూడాలి. అడిటివ్ సీసా ఒకటి, డిస్టిల్డ్ వాటరు క్యాను ఒకటి షెడ్డులో గూట్లో పెట్టి, డబ్బా మీద ఎంత నిష్పత్తిలో కలపాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించాను. ఇంక క్లచ్చు ప్లేటు పని మొదలుపెట్టాలి.